భయపడే డాక్టరమ్మ

పోయిన వారం ఒక మధ్యాహ్నం నరసాపురం నుంచి కరుణ ఫోన్ చేసింది. కరుణ ఒకప్పుడు ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. నాకు ఆపరేషన్ జరిగిన రోజు లోపల ఉన్న మనిషి. అప్పటి నుంచీ క్రిస్మస్‌కి నేనూ, దసరాకి తనూ ఫోన్ చేసుకుంటూ ఉంటాం. ఇప్పుడు రెండూ కావు. అందుకే తెర మీద తన పేరు చూడగానే ఏదో జరిగిందనుకున్నాను.

"అక్కా, మన డాక్టరమ్మగారు పోయారండి," అంది.

"ఎలా?"

"నిద్దట్లోనేనంటండి. పొద్దున్న కాఫీకి లేపితే లేవలేదంట."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "హమ్మయ్య". చావు కబురు విని ఎవరైనా హమ్మయ్య అంటారా? కరుణ మాత్రం తప్పు పట్టలేదు. "నేనూ అదే అనుకున్నానండి. ముందే తెలిసుంటే ఎంత బయపడిపోయేవోరో పాపం," అంది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. మధ్యలో ఆవిడ మాటలు గుర్తొచ్చి నవ్వుకున్నాం కూడా.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికుంటే, పేరు వేయొద్దని నాకు ఫోన్ చేసేది; చేసి పెట్టేశాక, గట్టిగా చెప్పానో లేదోనని మళ్ళీ చేసేది.

అంతగా భయపడే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. లిఫ్టంటే భయం. ఆవిడ గది మూడో అంతస్తులో ఉండేది. కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగిపోతుందని రోజూ మెట్లెక్కి వచ్చి, ఆయాసం తగ్గేదాకా బల్ల పట్టుకుని నిలబడేది. ఉరుమంటే భయం, కుక్కంటే భయం. ఆటో ఎక్కితే "భయ్యా, ధీరే ధీరే" అని డ్రైవరు వీపు తడుతూనే ఉండేది. గది బయట ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఎదురుచూస్తుంటే ఇంటికి ఫోన్ చేసి భర్తని అడిగేది: "గ్యాస్ కట్టేసినారా? ఊరికే ఊఁ అనద్దు. పోయి చూసొచ్చి చెప్పండి." ఆయన నిజంగా వంటింట్లోకి వెళ్ళి వచ్చేదాకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకునేది. పేషెంటు ఎదురుగా ఉందన్న మొహమాటం ఏమీ లేదు.

సన్నటి మనిషి. అరవైకి దగ్గర పడ్డ వయసు. ఏప్రిల్లో కూడా చీర మీద స్వెటరు. పొద్దస్తమానం ఆపరేషన్ టోపీ పెట్టుకోవడం వల్ల నుదుటి మీద ఒక గీత శాశ్వతంగా పడిపోయింది. ఎవరినైనా పరీక్ష చేసే ముందు అరచేతులు రెండూ రుద్దుకుని, తన చెంపలకి ఆనించుకుని చూసేది, చల్లగా ఉన్నాయేమోనని. చల్లగా ఉంటే మళ్ళీ రుద్దుకునేది. చదువుకోవడానికి ప్రొద్దుటూరు నుంచి ఢిల్లీ వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో మాటలోకి హిందీ వచ్చి చేరింది కానీ ప్రొద్దుటూరు మాత్రం పోలేదు.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళేనాటికి మెట్రో ఇంకా మా ఘాజియాబాద్ వైపు రాలేదు. నాది తణుకు. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. మా ఆయన ప్రసాద్ గుర్గావ్‌లో పనిచేసేవాడు. బయటికి చూస్తే అన్నీ బాగానే ఉండేవి. నెలలో ఒక వారం మాత్రం నేను నల్ల సల్వారు తప్ప వేసుకునేదాన్ని కాదు. మీటింగు అయిపోయాక అందరూ లేచి వెళ్ళేదాకా కాగితాలు సర్దుతున్నట్టు కూర్చుని, చివరికి కుర్చీ వైపు చూసుకుంటూ లేచేదాన్ని. నొప్పి వస్తే బాత్రూములో గోడకి తల ఆనించి నిలబడేదాన్ని. ఆ ఏడాది మెట్లెక్కుతుంటే కళ్ళు తిరగడం మొదలైంది. రక్తం ఒంట్లో నిలవడం లేదు.

మొదట చూసిన డాక్టరు స్కాన్ వైపు ఒకసారి చూసి, "యూటెరస్ నికాల్ దో, ఝంఝట్ ఖతమ్," అంది, గర్భసంచి తీసేస్తే గొడవ వదులుతుందని. రెండో ఆయన, "మీకు పిల్లలు కావాలా వద్దా? వద్దంటే తీసేద్దాం," అన్నాడు. పిల్లలు కావాలో వద్దో అప్పటికి మాకే తెలియదు. కానీ కావాలంటేనే అది నా ఒంట్లో ఉండొచ్చు, లేకపోతే తీసి పారేయొచ్చు అన్నట్టు ఆయన అడిగిన తీరుకి నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆఫీసులో ఒకమ్మాయి ఈవిడ గురించి చెప్పింది.

ఆ ఆసుపత్రి గుమ్మంలోనే పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. నాలుగు చేతుల తెల్లటి యంత్రం బొమ్మ, కింద 'రోబోతో ఆపరేషన్' అని ఇంగ్లీషులో. అప్పట్లో అది కొత్త. జనం ఆగి చూసి వెళ్ళేవారు.

ఆవిడ నా స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకి పెట్టి చాలాసేపు చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చుని, "నాకు భయంగా ఉండాది మ్మా," అంది.

నేను ప్రసాద్ వైపు చూశాను. ప్రసాద్ ఆవిడ వైపు చూస్తున్నాడు.

"గడ్డ గర్భసంచి వెనక గోడలో ఉండాది. బత్తాయంత. దాన్ని తియ్యచ్చు, సంచిని ఉంచచ్చు. అది గాదు నా భయం. దాని వెనకాల పేగు అతుక్కోనుండాది. ఎంత గట్టిగా అతుక్కుందో ఇందులో తెలీదు. పేగుకు చిల్లు పడిందనుకో, శానా తిప్పలు."

తర్వాత ఆ యంత్రం గురించి చెప్పింది. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెడతారు. వాటిలోంచి కెమెరా, పట్టకార్లు, కత్తెర లోపలికి వెళ్తాయి. డాక్టరు అదే గదిలో ఒక మూల, పెద్ద పెట్టె లాంటి దాని ముందు కూర్చుని, దాంట్లోకి తొంగి చూస్తూ వేళ్ళు కదిలిస్తే లోపల పట్టకార్లు అలాగే కదులుతాయి.

"అది దానంతట అది ఏమీ చెయ్యదు. చేసేది నేనే," అంది. "లోపలంతా ఇంతింత పెద్దగా కనపడతాది. నా చెయ్యి రొంత వణికినా ఆ వణుకు లోపలికి పోదు. కోత తక్కువ, నువ్వు బిరీన లేచి తిరుగుతావు. మంచి మిషనే. కానీ చేత్తో తాకినట్టు ఉండదు. కనపడతాది, అంతే. మెత్తగా ఉండాదా, గట్టిగా ఉండాదా, వేలికి తెలీదు."

"ఇంతకు ముందు మీరు దాంతో చేశారా మేడమ్?" అని ప్రసాద్ అడిగాడు.

"చేసినా. ఎక్కువ గాదు. ఇంత కష్టమైంది చేయలే. నాకు నేర్పించిన సీనియర్ డాక్టరు ఆ రోజు పక్కనే ఉంటాడు." నా వైపు తిరిగి అడిగింది. "ఏ మందుకన్నా దద్దుర్లు వస్తాయా నీకు?"

రావన్నాను. మేం తలుపు దాకా వెళ్ళాక పిలిచి మళ్ళీ అదే అడిగింది.

ఫ్లైఓవర్ దాటుతుండగా కారులో ప్రసాద్, "భయంగా ఉందని పేషెంటుకి చెప్పే డాక్టరు ఎక్కడైనా ఉంటుందా? మనం వేరే చోటికి వెళ్దాం," అన్నాడు. అతని మాటలో అన్యాయమేమీ లేదు.

గుర్గావ్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. గది నిండా ఫోటోలు, షీల్డులు. ఆయన నవ్వుతూ, "నథింగ్ టు వర్రీ. మేం రోజూ చేసేదే," అన్నాడు. పేగు సంగతి నేనే ఎత్తాను. "అది లోపలికి వెళ్ళాక చూసుకుంటాం," అన్నాడు. ప్రసాద్ ముఖంలో చాలా రోజుల తర్వాత కాస్త తేట కనిపించింది. నాకు మాత్రం ఎందుకో ఆయన నా స్కాన్ నిజంగా చూశాడా అన్న అనుమానం పట్టుకుంది. ఎవరి మాట నమ్మాలో తెలియక రాత్రిళ్ళు పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకునేదాన్ని.

రక్తం పరీక్ష కాగితం తెచ్చుకోవడానికి ఒక సాయంత్రం మళ్ళీ ఆవిడ ఆసుపత్రికి వెళ్ళాను. గేటు బయట ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది. కారు రోడ్డుకి అటువైపు ఆగింది. ఒక అడుగు ముందుకు వేస్తోంది, హారన్ వినగానే వెనక్కి వేస్తోంది. నన్ను చూడగానే, "అరే, నువ్వా! రా మ్మా, నన్ను దాటించు," అని నా మణికట్టు పట్టుకుంది. మధ్యకి వెళ్ళేసరికి ఒక ప్రైవేటు బస్సు ఇంకో బస్సుని దాటుకుంటూ దూసుకొచ్చింది. "ఆగు, ఆగు, ఆగు!" అని ఆవిడ నన్ను లాగిన లాగుడికి నా గాజు ఒకటి చిట్లింది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. చెమటతో తడిగా ఉంది.

ఈ చేత్తోనే కదా నన్ను కోసేది అనుకున్నాను.

అటు వైపు చేరాక ఆవిడ నా మణికట్టు తిప్పి చూసింది, గాజు గుచ్చుకుందేమోనని. "ఆ బస్సు తోలేవానికి భయం ల్యా. అందుకే మనకుండాల," అంది. కారెక్కాక అద్దం దించి, "నువ్వు ఇప్పుడు మళ్ళీ దాటాల గదా! ఎట్ల పోతావు?" అని కంగారు పడింది. నేను దాటి అటు చేరి చెయ్యి ఊపేదాకా ఆవిడ కారు కదల్లేదు.

ఒక ఆదివారం అశోకా రోడ్డు వైపు ఆంధ్రా భోజనానికి వెళ్ళాం. అక్కడ ఆవిడా, ఆవిడ భర్తా మా వెనక వరసలో నిలబడి ఉన్నారు. నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. ఆవిడ వడ్డించే అతన్ని నీళ్ళు కాచినవేనా అని అడిగింది. ఆయన తలవంచుకుని పప్పన్నం కలుపుకుంటున్నాడు, ఇవన్నీ అలవాటైన మనిషిలా. ప్రసాద్ ఉండబట్టలేక అనేశాడు.

"మేడమ్, మీరే భయపడుతుంటే మేం ఎలా ధైర్యంగా ఉండాలి?"

నేను మజ్జిగ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆవిడకి కోపం రాలేదు. "మీరు ధైర్యంగా ఉండాలని ఎవరన్నారు నాయనా?" అంది. "మీరిద్దరూ నిద్రపోండి. భయపడేది నేను చూసుకుంటా. నాకు జీతమిచ్చేది దానికే."

ఆవిడ భర్త మొదటిసారి తలెత్తి, "నిజమే బాబూ. ఇంట్లో మాత్రం జీతం లేకుండానే భయపడుతుంది," అన్నాడు. అందరం నవ్వాం. ప్రసాద్ నవ్వాడు కానీ, బయటికి వచ్చాక, "జోకు బాగుంది. ఆపరేషన్ మాత్రం గుర్గావ్‌లోనే," అన్నాడు.

అది అలా తేలలేదు. రెండు రోజుల తర్వాత నేను వంట చేస్తుంటే ఆవిడ ఫోన్ చేసింది. "ఏమ్మా, మొన్న భోజనం చేస్తా మీ అమ్మకు ఏదో ఇంజెక్షన్ పడలేదని అంటివి గదా. ఏం ఇంజెక్షన్ అది?"

నేనెప్పుడన్నానో నాకే గుర్తులేదు. మామిడికాయ పచ్చడి గురించి మాట్లాడుతూ, అమ్మకి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చిన కథ ఏదో చెప్పి ఉంటాను. తణుకు ఫోన్ చేసి, అమ్మని అడిగి, అమ్మకి గుర్తు రాకపోతే మా ఊరి మందుల షాపాయన్ని అడిగించి, పేరు తెలుసుకుని చెప్పాను. "అచ్ఛా. మంచిదైంది. నాకు ఆ పొద్దటి నుంచి అదే ఆలోచన," అంది.

ఫోన్ పెట్టేసి స్టవ్ ముందు నిలబడిపోయాను. నేను ఆవిడ దగ్గరే ఆపరేషన్ చేయించుకుంటానని ఇంకా చెప్పనేలేదు. అయినా నా గురించి రెండు రోజులుగా ఒక మనిషి దిగులు పడుతోంది. ఆ రాత్రి ప్రసాద్‌తో చెప్పాను. అతను వాదించాడు, అలిగాడు, తెల్లారి తనే ఆసుపత్రికి ఫోన్ చేసి తారీకు అడిగాడు.

అది జనవరి. పొగమంచులో ముందు కారు వెనక దీపాలు పట్టుకుని ఘాజియాబాద్ నుంచి పాకుతూ వెళ్ళి ముందురోజే ఆసుపత్రిలో చేరాను. ఉదయం ఆవిడ వచ్చి మంచం అంచున కూర్చుంది. ముఖం చూస్తే నాకన్నా తక్కువ నిద్రపోయినట్టుంది.

"రెండు మాటలు చెప్తా, విను. మిషన్‌తో మొదలుపెడతా. నాకు సరిగ్గా తెలీకపోతే లేచొచ్చి కడుపు కోస్తా. అప్పుడు పెద్ద గీత పడతాది, నొప్పి ఎక్కువ, ఇంటికి పోయేది ఆలస్యం. నీకు సమ్మతమేనా?"

సమ్మతమేనన్నాను.

"సంచిని ఉంచేదానికి చూస్తా. కానీ నీ ప్రాణమా అదా అనే కాడికి వస్తే నిన్ను అడగను."

తల ఊపాను. ఆవిడ అరచేతులు రుద్దుకుని, చెంపలకి ఆనించుకుని, నా పాదం ఒకసారి పట్టుకుని వెళ్ళిపోయింది.

థియేటర్లో చలి. యంత్రం చేతులన్నీ ప్లాస్టిక్ తొడుగులతో పైకి ముడుచుకుని ఉన్నాయి. అక్కడే కరుణని మొదటిసారి చూశాను. నా చెవి దగ్గర వంగి, "తణుకంట కదండి? మాది నరసాపురమండి. నేనిక్కడే ఉంటాను," అంది. నేను తల తిప్పి మూలకి చూశాను. డాక్టరమ్మ చెప్పులు విడిచి గోడ పక్కన జతగా పెడుతోంది. కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. ఆ పెట్టె కింద ఉన్న పెడల్స్ కాలికి తెలియాలని అలా చేస్తారట. నేను చూసిన చివరి దృశ్యం అదే.

లోపల ఏం జరిగిందో నాకు తర్వాత కరుణ చెప్పింది.

"బాగానే మొదలైందండి. తెర మీద అంతా చక్కగా కనబడతంది. పేగు నెమ్మదిగా విడదీసుకుంటా వచ్చారండి. సగం అయ్యాక ఆవిడ చేతులు ఆగిపోయాయండి. తెర మీద ఆ రెండు పట్టకార్లూ కూడా అలాగే ఆగిపోయాయండి. మేవంతా చూస్తన్నాం. సీనియర్ సారు, 'చలియే మేడమ్, బహుత్ అచ్ఛా జా రహా హై,' అన్నారండి, బాగా వెళ్తంది కానియ్యమని. ఆవిడ కదల్లేదు. ఆ డబ్బాలో తల పెట్టుకునే తెలుగులో అంటన్నారండి, 'కనపడతాంది గానీ తెలీడం ల్యా, తెలీడం ల్యా,' అని. నాకొక్కదానికే అర్థమైంది. సారు మళ్ళీ చెప్పారు, 'నేను కూర్చుంటాను కావాలంటే,' అన్నారు. ఆవిడ తల బయటికి తీసి లేచి నిలబడ్డారండి. 'ఓపెన్ కరేంగే,' అనేసి, మేజోళ్ళ కాళ్ళతోనే చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయారండి."

బయట ప్రసాద్ దగ్గరికి ఒక జూనియర్ డాక్టరు వచ్చి, "మేడమ్ ఓపెన్ కర్ రహీ హై. టైమ్ లగేగా," అని చెప్పి, ఎందుకని అడిగేలోగా లోపలికి వెళ్ళిపోయాడు. ప్రసాద్ ఆ తర్వాత కూర్చోలేదు. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. 'నేను ముందే చెప్పాను, భయపడి చెడగొట్టేసింది' అనే మాట తన లోపల గానుగలా తిరిగిందని చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు వేరే ఎవరి కోసమో వచ్చేవారట.

లోపల ఆవిడ పొట్ట తెరిచి, చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుందట. వేలితో వెతుక్కుంటూ, "ఇక్కడ. ఇదీ పేగు. ఇంత పల్చగా ఉండాది," అందట. తెర మీద గడ్డ అంచులా కనిపించింది నిజానికి సాగిపోయిన పేగు గోడ. ఆవిడ దాన్ని వేలితో కొంచెం కొంచెంగా ఒలిచి పక్కకి తీసి, గడ్డ తీసేసి, గర్భసంచిని పొరలు పొరలుగా కుట్టింది.

నాకు మెలకువ వచ్చేసరికి చెయ్యి పొట్ట మీదికి పోయింది. రంధ్రాల మీద చిన్న పట్టీలుంటాయనుకున్నాను. అడ్డంగా ఇంత పొడవు కట్టు. మంచం పక్కన స్టూలు మీద ఆవిడ ఉంది.

"లేచొచ్చేసినా మ్మా," అంది. "గీత పెద్దది పడె. సంచి ఉండాది."

నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే కుట్లు లాగాయి. ఆవిడ నా నుదురు మీద చెయ్యి పెట్టి, "ఏడవద్దు, దగ్గద్దు, నవ్వద్దు," అంది.

ప్రసాద్ మంచానికి అటువైపు నిలబడి ఉన్నాడు. "థాంక్స్ మేడమ్," అన్నాడు.

"ఇప్పుడే అనద్దు నాయనా. పేగు కదలాల."

అక్కడి నుంచి అసలు దిగులు మొదలైంది. ఒలిచిన పేగులో కంటికి కనబడని చిల్లు ఏదైనా ఉంటే ఇప్పుడు బయటపడుతుంది. మర్నాటికి నా పొట్ట డప్పులా ఉబ్బింది. కొద్దిగా జ్వరం. మంచినీళ్ళు కూడా లేవు, పెదాలు తడి గుడ్డతో తుడవడమే. ఆవిడ ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేది. స్టెతస్కోపు పొట్ట మీద పెట్టి కళ్ళు మూసుకుని వినేది. "నీ కడుపు మాట్లాడాల మ్మా. ఏమీ మాట్లాడడం ల్యా," అని లేచేది. తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి ఇంకో చోట పెట్టి వినేది. ఆవిడ వెళ్ళాక నేను ప్రసాద్ ముఖం, ప్రసాద్ నా ముఖం చూసుకునేవాళ్ళం. అవసరమైతే మళ్ళీ తెరవాల్సి వస్తుందని ఆవిడ దాచకుండా చెప్పేసింది.

ఇంకో రోజు గడిచింది. మధ్యాహ్నం నా పొట్టలో ఏదో పొర్లినట్టయి, ఆడదాన్ని, రాయడానికి సిగ్గే, గట్టిగానే గాలి పోయింది. కరుణ థియేటర్లో పని మధ్యలో నన్ను చూసి పోవడానికి అప్పుడే వచ్చింది. వచ్చిన కాళ్ళతోనే పరుగెత్తింది. కాసేపట్లో డాక్టరమ్మ మెట్లెక్కిన ఆయాసంతో గదిలోకి వచ్చి పడింది.

"పోయిందా? నిజంగానా? సౌండ్ వచ్చిందా?"

ప్రసాద్ కిటికీ వైపు తిరిగిపోయాడు. నేను అవునన్నాను. ఆవిడ స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. అంత సన్నటి మనిషిలో అంత పెద్ద నవ్వు ఉంటుందని నేను అనుకోలేదు. నాకు నవ్వొద్దని చెప్పి తను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఇంటికి వెళ్ళే ముందు నేను వరండాలో గోడ పట్టుకుని నడక నేర్చుకుంటుంటే, మలుపు అవతల ఇద్దరు కుర్ర డాక్టర్లు మాట్లాడుకోవడం వినిపించింది. "మేడమ్ డర్ గయీ, యార్. మిషన్ ఛోడ్ కే భాగ్ గయీ." మేడమ్ భయపడి మిషన్ వదిలి పారిపోయిందని నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ రాగానే చెప్పేశాను.

"నిజమే గదా," అంది ఆవిడ, నా కుట్లు చూస్తూ. "భయపడినా."

"ఆ సీనియర్ గారు కూర్చుని ఉంటే మిషన్‌తోనే అయిపోయేదా మేడమ్?"

ఆవిడ చేతులాగాయి. "అయిపోయి ఉండచ్చు. ఆయన చేతికి తెలిసి ఉండచ్చు. నాకు తెలీలా," అంది.

మరుసటి వారమే ఆవిడ మళ్ళీ చెప్పులు విడిచి ఆ యంత్రం ముందు కూర్చుందని కరుణ చెప్పింది. తర్వాత ఏళ్ళలో దాంతో ఎందరికో చేసింది. చిన్న కోతలతో మూడో రోజుకే లేచి ఇంటికి పోయినవాళ్ళు బోలెడుమంది. ఆ కుర్ర డాక్టర్లకి కూడా ఆవిడే నేర్పింది. ఎక్కడ ఆగాలో ముందు చెప్పి, తర్వాత ఎలా కొయ్యాలో చెప్పేదట.

మాకు పిల్లలు పుట్టలేదు. కొన్నాళ్ళు ఆశ పెట్టుకున్నాం, కొన్నాళ్ళు మందులు వాడాం, తర్వాత మానేశాం. ఒకరినొకరం చూసుకుంటూ బతకడం మాకు చేతనైంది. హైదరాబాదు మారిపోయే ముందు ఆవిడకి చెప్పి రావాలని వెళ్ళాను. అప్పటికి ఆవిడ జుట్టు పూర్తిగా నెరిసింది.

ఊరు మారుతున్నామన్నాను. కాలనీ మంచిదేనా, దొంగల భయం ఉందా అని అడిగింది. ఆ తర్వాత చాలాసేపు బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపింది.

"ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు," అంది. "ఆ పొద్దు దాన్ని తీసేసి ఉంటే పని సులువుగా అయిపోతాండె. అంత గీత ల్యా, ఆ మూడు దినాల నరకం ల్యా. నేను పట్టుబట్టి ఉంచితి. మీకు బిడ్డలు కాలేదు. నీకు ఊరికే కష్టం పెట్టినానేమో అని అప్పుడప్పుడు రాత్రిపూట అనిపిస్తాది."

ఇన్నేళ్ళుగా ఆవిడ ఈ మాట మోస్తోందని నాకు తెలియదు.

"బిడ్డల కోసమే అయితే మొదటి డాక్టరు చెప్పినప్పుడే తీయించేసుకునేదాన్నండీ," అన్నాను. "అది నాది. నా వస్తువు నాకు ఉంచారు మీరు. నొప్పి పోయింది, నేనున్నాను. ఇంకేం కావాలి?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి పైటచెంగుతో తుడుచుకుంది. అద్దాలు లేకుండా ఆ ముఖం చిన్నపిల్లదానిలా ఉంది.

వాతావరణం తేలిక చేద్దామని నవ్వుతూ అడిగాను. "మేడమ్, ఈ భయం మీకు పుట్టుకతోనే వచ్చిందా?"

ఆవిడ నవ్వలేదు.

"ల్యా మ్మా. వయసులో ఉన్నప్పుడు నాకు భయమనేదే ల్యా. ఎవరూ తీసుకోని కేసులు నేను తీసుకుంటాంటి. ఒకామె నా చేతిలో పోతా నేర్పించిపాయ," అంది. "ఆమె పేరు, ఊరు, మొగుని పేరు, ఇద్దరు పిల్లోళ్ళ పేర్లు, అన్నీ నాకు తెలుసు."

అంతలో తలుపు తోసుకుని ఒక అమ్మాయి తొంగి చూసింది. చేతిలో స్కాన్ కవరు, ముఖం పాలిపోయి ఉంది. నేను లేచి కుర్చీ ఖాళీ చేశాను.